సుఖం ఒంట్లో పుడుతుంది, బాధ్యత ఎక్కడ పుడుతుంది?

జీఎస్ పేపర్-4లో "విలువలు ఎక్కడి నుంచి వస్తాయి?" అని అడిగితే మనమందరం కుటుంబం, బడి, సమాజం, మతం అని రాసేస్తాం. తప్పేమీ లేదు. కానీ ఆ జాబితా పట్టుకుని ఒక సాయంత్రం మా రాయపూర్‌లోని తేలీబంధా చెరువు దగ్గరకు రండి.

తేలీలంటే గానుగ ఆడేవారు, మన తెలికలవారిలాగే. బంధా అంటే చెరువు. ఇప్పుడు ఊరంతా దీన్ని మెరైన్ డ్రైవ్ అంటోంది. చల్లగాలి తగిలితే హాయి, కంపు కొడితే చిరాకు. వీటిని మనకెవరూ నేర్పలేదు. సుఖదుఃఖాలే మనిషిని నడిపిస్తాయని బెంథామ్ 1789లో రాసింది ఇందుకే. అయితే మా తాతకు చెరువంటే పశువులను కడిగే చోటు. నాకు షికారు చేసే చోటు. సుఖపడే శక్తి ప్రకృతి ఇచ్చినా, దేన్ని సుఖం అనుకోవాలో మనం పెరిగిన సమాజమే చెబుతుంది.

మరి బాధ్యత సంగతి? నిరుడు ఒకరోజు భేల్ తిని ప్లేటు గట్టు మీదే వదిలేశాను. గాలికి అది నీళ్లలో పడింది. మర్నాడు పొద్దున వాకింగ్‌కు వెళ్తే, ఒకావిడ వంగి కర్రతో అలాంటి ప్లేట్లనే ఒడ్డుకు లాగుతోంది. నా పది నిమిషాల సరదా ఆవిడకు నడుము నొప్పి అయిందని అప్పుడు తెలిసింది. సిగ్గేసింది.

చెరువులను కాపాడటం పౌరుడి విధి అని చెప్పే 51ఎ(జి) అధికరణ, దాన్ని తెచ్చిన 1976 నాటి 42వ సవరణ నాకు అప్పటికే కంఠతా వచ్చు. అయినా ప్లేటు వదిలేశాను.

అలాగని జాలి ఒక్కటే చాలదు. జాలి కంటికి కనిపించిన మనిషి దగ్గరే ఆగిపోతుంది. మన ఇంటి మురుగు ఏ చెరువులో కలుస్తోందో, ఆ నీళ్లతో ఎవరికి జబ్బు చేస్తోందో మనకు కనిపించదు. చట్టం అవసరమయ్యేది అక్కడే. చెరువులు, కుంటలు సమాజపు ఉమ్మడి వనరులని 2001లో హించ్ లాల్ తివారీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆవిడను చూసి నేను తెలుసుకున్నదాన్ని, చూడనివారికి కూడా వర్తింపజేసేది చట్టమే.

కాబట్టి మిత్రులారా, ఈ ప్రశ్నకు జవాబు రాసేటప్పుడు జాబితాతో ఆగకండి. నా సుఖానికి ఖర్చు ఎవరు భరిస్తున్నారు అని అడగండి. రేపు మీ బల్ల మీదకు చెరువు సుందరీకరణ ఫైలు వచ్చినప్పుడు కూడా, సంతకానికి ముందు అదే ప్రశ్న వేసుకోండి.