నెలకో మాట: రవ్వ

ఈ నెల మన మాట ‘రవ్వ’.

ఈ మాట మీకు వంటింట్లోనే పరిచయమై ఉంటుంది. ఉప్మా కోసం వేయించేది రవ్వ. నగల దుకాణంలో రవ్వ అంటే చిన్న వజ్రం. రవ్వల దుద్దులు అని వినే ఉంటారు. కట్టెల పొయ్యి ఊదితే ఎర్రగా ఎగిరేదీ రవ్వే. అది నిప్పురవ్వ. మూడూ వేరువేరు వస్తువులు, కానీ మూడూ చిన్నవే.

నిప్పురవ్వను పోలండ్ భాషలో ‘ఇస్క్రా’ అంటారు. ఆ పేరుతో పోలండ్ వాళ్లు ఒక విమానం తయారు చేశారు. విమానం నడపడం నేర్చుకునేవాళ్ల కోసం చేసిన విమానం అది. దాన్ని శిక్షణ విమానం అంటాం. చిన్న విమానాలు, శిక్షణ విమానాలు చేయడంలో పోలండ్‌ది అందె వేసిన చెయ్యి. అంటే ఆ పనిలో బాగా ఆరితేరిన దేశం అని అర్థం.

శిక్షణ విమానం ఎలా ఉంటుంది? చాలావాటిలో రెండు సీట్లు ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి. ఇస్క్రాలో ముందు శిష్యుడు, వెనుక గురువు. ఇద్దరి చేతుల్లోనూ విమానాన్ని తిప్పే కర్ర ఉంటుంది. ఆ రెండు కర్రలూ లోపల కలిపి ఉంటాయి. శిష్యుడు తన కర్రను కదిపితే గురువు చేతిలోని కర్ర కూడా కదులుతుంది. తప్పు జరుగుతుంటే గురువుకు చేతికే తెలిసిపోతుంది. వేగం తగ్గినంత మాత్రాన విమానం అదుపు తప్పకూడదు. నేల మీద దబ్బున దిగినా చక్రాల కాళ్లు తట్టుకోవాలి. తప్పులు జరుగుతాయని ముందే తెలిసి చేసే విమానం ఇది.

ఇక కథలోకి వద్దాం. పోలండ్‌ను మూడు సామ్రాజ్యాలు పంచుకుని నూరేళ్లకు పైగా ఏలాయి. 1918లో అది మళ్లీ స్వతంత్ర దేశమైంది. కొత్త దేశానికి పైలట్లు కావాలి, విమానాలు కావాలి. వార్సా నగరంలో సాంకేతిక విద్య చదువుతున్న ముగ్గురు కుర్రవాళ్లు చిన్న విమానాలు చేయడం మొదలుపెట్టారు. వాళ్లు రొగాల్స్కి, విగూరా, జెవియెత్స్కి. పోలిష్ లిపిలో ఈ ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలు ఆర్, డబ్ల్యూ, డి. అవే వాళ్ల విమానాలకు పేరయ్యాయి.

1932లో యూరప్ చుట్టూ చిన్న విమానాల పెద్ద పోటీ జరిగింది. ఆగస్టు 28న బెర్లిన్‌లో ఆర్‌డబ్ల్యూడి-6 గెలిచింది. నడిపినవాడు జ్విర్కో, పక్కన ఉన్నవాడు విగూరా. రెండు వారాలకే, సెప్టెంబర్ 11న, తుపానుగాలిలో అదే విమానం కూలి ఇద్దరూ చనిపోయారు. మిగిలిన స్నేహితులు పని ఆపలేదు. ఆ తరువాత చేసిన విమానాల పేర్లలోంచి విగూరా అక్షరాన్ని తీసెయ్యనూ లేదు.

మరుసటి సంవత్సరం వచ్చిన ఆర్‌డబ్ల్యూడి-8 పేరులోనూ ఆ అక్షరం ఉంది. అది శిక్షణ విమానం. రెక్క గొడుగులా తలల పైన ఉంటుంది. ఒళ్లు ఉక్కు గొట్టాల చట్రం, రెక్కలు చెక్క, పైన గుడ్డ. ఇలాంటివి 500కు పైగా తయారయ్యాయి. ఎందరో పోలిష్ పైలట్లు దానిమీదే ఎగరడం నేర్చుకున్నారు.

1939లో యుద్ధం వచ్చింది. దేశం పోయింది, విమాన కర్మాగారాలూ పోయాయి. 1944లో, యుద్ధం ఇంకా ముగియకముందే, తదేవుష్ సొవ్తిక్ అనే ఇంజనీరు కొద్దిమందిని కూడగట్టుకుని మళ్లీ పని మొదలుపెట్టాడు. 1945లో వాళ్ల మొదటి చిన్న విమానం ఎగిరింది. పేరు ‘ష్పాక్’. అది మన గోరింకకు చుట్టమైన ఒక పిట్ట పేరు. 1948లో ‘యూనాక్’ అనే శిక్షణ విమానం, 1955లో ‘బ్యెస్’ వచ్చాయి. బ్యెస్ అంటే దయ్యం!

1960 ఫిబ్రవరి 5న ఇస్క్రా ఎగిరింది. ఇది జెట్ విమానం. రెక్కలు తిన్నగా ఉంటాయి. ఇంజన్ వేడిగాలి తోక కింది నుంచి బయటకు పోతుంది. 1961లో మాస్కో దగ్గర పోటీ పెట్టారు. సోవియట్ కూటమి దేశాలన్నిటికీ ఒకే శిక్షణ విమానం ఎంచుకోవాలని ఆలోచన. చెకోస్లొవేకియా విమానం గెలిచింది, ఇస్క్రా ఓడింది. కూటమిలోని మిగతా దేశాల్లా పోలండ్ కూడా గెలిచిన విమానాన్నే కొనుక్కోవచ్చు. కొనలేదు. తమ పిల్లలు తమ విమానం మీదే నేర్చుకోవాలని ఇస్క్రానే తయారు చేసుకుంది. మ్యెలెత్స్ పట్టణంలో 400కు పైగా చేశారు. పోలిష్ వైమానిక దళం 2020 వరకు దాన్ని శిక్షణకు వాడింది.

ఆ ఓడిన విమానమే మన తెలుగు నేలకు వచ్చింది. భారత వైమానిక దళం 1975 నుంచి తొలి విడతగా 50 ఇస్క్రాలు తీసుకుంది. హైదరాబాద్ పక్కన హకీంపేటలో యువ పైలట్లు వాటి మీద నేర్చుకున్నారు. భారతదేశం సొంతంగా చేసిన జెట్ శిక్షణ విమానం పేరు ‘కిరణ్’. ఒకటి కిరణం, ఒకటి నిప్పురవ్వ. 2004 డిసెంబర్‌లో అక్కడి ఇస్క్రాలు విశ్రాంతి తీసుకున్నాయి.

ఇదంతా మీకెందుకు చెబుతున్నాను? మనలో చాలామందికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడాలంటే జంకు. తప్పు పోతే అవ్వ నవ్వుతుందేమో, మామయ్య వెక్కిరిస్తాడేమో అని. ఇంట్లో పెద్దలకు నా మనవి ఒకటే. మీరు వెనుక సీటులో ఉన్నారు, రెండో కర్ర మీ చేతిలో ఉంది. నవ్వితే ముందున్నవాళ్లు కర్ర వదిలేస్తారు. మెల్లగా సరిచేస్తే ఇంకో వాక్యం ఎగురుతుంది. పిల్లలూ, ముందు సీటు మీది. దబ్బున దిగినా ఫరవాలేదు.

ఈ నెల మాటలు:

నిప్పురవ్వ: నిప్పులోంచి ఎగిరే చిన్న కణం.
రవ్వంత: చాలా కొంచెం. ‘పప్పులో రవ్వంత ఉప్పు వెయ్యి.’
అందె వేసిన చెయ్యి: ఒక పనిలో ఆరితేరినవారు. ‘పులిహోర చేయడంలో మా అత్తది అందె వేసిన చెయ్యి.’
జంకు: వెనకాడే భయం. ‘జంకు లేకుండా మాట్లాడు.’

ఈ నెల పని: ‘రవ్వంత’ అనే మాటతో మూడు వాక్యాలు రాసి, ఇంట్లో పెద్దవాళ్లకు గట్టిగా చదివి వినిపించండి. వచ్చే నెల ఇంకో మాటతో కలుద్దాం.