సింక్ అయింది సరే, దాచిందెక్కడ?

కొత్త ఫోన్ అమ్మే ప్రతి షాపులోనూ కుర్రాడు అడక్కుండానే ఇచ్చే అభయం ఒకటుంది: "సింక్ ఆన్ చేశాను సార్, ఇక మీ మెయిల్ ఎక్కడికీ పోదు." ఆఫీసుల్లో కంప్యూటర్లు చూసేవాళ్లదీ అదే పాట. డెస్క్‌టాప్‌లో ఉంది, ఫోన్‌లో ఉంది, ట్యాబ్‌లో ఉంది, మూడు కాపీలున్నాక బ్యాకప్ దేనికని ఎదురు ప్రశ్న. వాళ్లు మూడు అని లెక్కపెడుతున్నది నిజానికి ఒక్కటే.

ఫోన్ నిండిపోయిందని బస్సులో కూర్చుని పాత మెయిళ్లన్నీ ఎంచి డిలీట్ నొక్కే పెద్దమనిషి, ఇంట్లో కంప్యూటర్‌లో ఉన్నాయిలే అన్న ధీమాతోనే నొక్కుతాడు. ఇల్లు చేరి చూస్తే అక్కడా ఉండవు. సింక్ చెడిపోయి కాదు, చక్కగా పనిచేసి! స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ 1986లో ఈ సింక్‌కు ఆధారమైన ఐమ్యాప్ పద్ధతిని రూపొందించినప్పుడు అనుకున్నదే అది: అసలు మెయిల్ సర్వర్‌లో ఉంటుంది, ఎక్కడ నుంచి తెరిచినా అదే కనిపిస్తుంది. నుదుట బొట్టు చెరిపేస్తే అద్దంలోనూ చెరుగుతుంది. అద్దాన్ని ఫోటో అనుకుని బీరువాలో దాచుకున్నవాడికి ఏం చెప్పాలి? జీమెయిల్ ట్రాష్ 30 రోజులు ఆగుతుంది. ఆ తర్వాత సినిమా టికెట్టూ, ఇంటి దస్తావేజు స్కానూ ఒకే దారి పడతాయి.

ఇంతకన్నా మర్యాద తెలిసిన యంత్రాలు పాతికేళ్లకు ముందే ఉండేవి. 1996లో వచ్చిన పామ్ పైలట్ అనే అరచేతి కంప్యూటర్‌ను కంప్యూటర్ పక్కనున్న క్రేడిల్‌లో నిలబెట్టి, హాట్‌సింక్ బటన్ మనిషే నొక్కాలి. మరుసటి ఏడు వచ్చిన ప్రొఫెషనల్ మోడల్ డెస్క్‌టాప్ మెయిల్‌నూ అలాగే తెచ్చుకునేది. అందులో ఒక చిరునామానో మెమోనో చెరపబోతే, కంప్యూటర్‌లో ఒక ప్రతి దాచమంటారా అని అడిగేది. దాచమన్న గడిలో టిక్ ముందే పెట్టి ఉండేది. ఒకే రికార్డును రెండు చోట్లా మారిస్తే రెండింటినీ ఉంచి, తేల్చుకోమని మనిషికే వదిలేసేది. ఏది దేనిమీద రాయాలో కూడా మనమే చెప్పొచ్చు. ఇన్ని మెగాబైట్ల యాప్‌లు రాసేవాళ్లకు ఈపాటి ప్రశ్న అడగడానికి నోరెందుకు రాదు?

   

పాత పాప్ పద్ధతిని వెక్కిరించడం ఇప్పుడు తెలివికి గుర్తు. మెయిల్‌ను కంప్యూటర్‌లోకి దించుకుని సర్వర్‌లో చెరిపేసేది, నిజమే. కానీ అలా దిగిన మెయిల్ జోలికి బస్సులోని ఫోన్ రాలేదు. హార్డ్ డిస్క్ పోతే? అందుకే ముందే ఇంకో డిస్క్‌లో ప్రతి పెట్టుకోవాలి, అంతే.

క్లౌడ్ భక్తులకు గూగుల్ మాటే వినిపించాలి. 2011 ఫిబ్రవరి చివర్లో కొందరు జీమెయిల్ వాడుకదారులు లాగిన్ అయితే పెట్టె ఖాళీ. వాడేవాళ్లలో 0.02 శాతం మందికి జరిగిందని కంపెనీయే చెప్పింది. స్టోరేజీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో వచ్చిన లోపం వేర్వేరు డేటా సెంటర్లలోని ప్రతులనూ తాకింది. చివరికి ఆ మెయిళ్లు తిరిగొచ్చింది టేపుల నుంచి. అవును, టేపులే! ఆఫ్‌లైన్‌లో ఉన్నాయి గనుక ఆ లోపం వాటిని అంటలేదు. క్లౌడ్‌ను అమ్మేవాడు తన సరుకును సింక్‌కు అందని చోట దాచుకుంటాడు, కొన్నవాడికి మాత్రం సింకే రక్ష!

చేయాల్సిందేమిటంటే, డిలీట్ నొక్కగానే ఈ ఫోన్‌లోనేనా, అన్ని చోట్లానా అని అడిగే యాప్ కావాలి. అది వచ్చేదాకా థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాంలో కంప్యూటర్‌లోనే ఉండే లోకల్ ఫోల్డర్లున్నాయి, మొత్తం మెయిల్‌ను మూటగట్టి ఇచ్చే గూగుల్ టేకౌట్ ఉంది. ముఖ్యమైనవైనా వాటితో దించి, ఏ ఖాతాకూ ముడిపెట్టని డిస్క్‌లో పెట్టుకోవచ్చు. ఎన్నాళ్లకోసారి అన్నది ఎవరి ఓపికను బట్టి వారు.