హిస్టరీ, పాలిటిక్స్ చదివితే టీచర్ కాలేమా?

"బి.ఏ.లో చేరావా? ఇంకెక్కడా సీటు రాలేదా?" హాస్టల్లో ఆర్ట్స్ చదివే ప్రతి ఒక్కరూ ఈ మాట వినే ఉంటారు. ఇంట్లో మొదట డిగ్రీ చదివింది మనమే కనుక దారి చెప్పే పెద్దలుండరు. ఆ మాటే నిజమని నమ్మేస్తాం. అది నిజం కాదని చెప్పడానికే మేము ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

హిస్టరీ, పొలిటికల్ సైన్స్‌తో డిగ్రీ చేసి, బి.ఎడ్.లో సోషల్ మెథడాలజీ తీసుకుంటే హైస్కూల్లో సోషల్ స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు పోటీపడవచ్చు. టెట్‌లో 150 మార్కులకు ఎస్సీ, ఎస్టీలకు 60, బీసీలకు 75 వస్తే చాలు. కానీ అక్కడితో ఆగకూడదు. డీఎస్సీలో టెట్‌కు 20 శాతం వెయిటేజీ ఉంది. పైగా మనం డిగ్రీలో చదవని జాగ్రఫీ కూడా అడుగుతారు. పదో తరగతి వరకు సోషల్ పుస్తకాలు మళ్ళీ తిరగేయక తప్పదు.

బి.ఎడ్. అక్కరలేని దారి జూనియర్ లెక్చరర్ పోస్టు. అయితే అక్కడ హిస్టరీ వేరు, సివిక్స్ వేరు. ఎం.ఏ. దేనిలో చేస్తే ఆ పోస్టుకే అర్హత. కనుక డిగ్రీ చివరి సంవత్సరంలోనే ఆలోచించి సబ్జెక్టు ఎంచుకోవాలి. ఆపైన నెట్ గానీ సెట్ గానీ పాసైతే డిగ్రీ కాలేజీకి వెళ్ళవచ్చు. జె.ఆర్.ఎఫ్. వస్తే పరిశోధన చేస్తూ ఫెలోషిప్ పొందవచ్చు. 2023లో దాన్ని నెలకు 37,000 రూపాయలకు పెంచారు.

కష్టం కూడా చెప్పాలి. 2024 తెలంగాణ డీఎస్సీలో 11,062 పోస్టులుంటే, వాటిలో 6,508 ఎస్.జి.టి. పోస్టులు. అవి డి.ఎడ్. వారివి. అన్ని సబ్జెక్టులకూ కలిపి స్కూల్ అసిస్టెంట్లు 2,629 మాత్రమే. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీఎస్సీ తర్వాత మళ్ళీ 2025లో గానీ డీఎస్సీ పరీక్ష జరగలేదు. కూలికి వెళ్ళే అమ్మానాన్నలున్న ఇంట్లో ఏడేళ్ళు కోచింగ్ ఫీజులు కడుతూ ఎవరు కూర్చోగలరు? ఏటా డీఎస్సీ వేయమని అడగడం మన హక్కు. అంతవరకు ఒక్క డీఎస్సీనే నమ్ముకోకుండా లెక్చరర్ పరీక్షకూ, నెట్‌కూ కలిపి చదవడం మన జాగ్రత్త.

అయినా ఈ చదువును మనం వదలకూడదు. అంబేద్కర్ 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్‌గా పాఠాలు చెప్పారు. అంటరానితనాన్ని రద్దు చేసిన 17వ అధికరణం ఇతరులకు పరీక్షలో ఒక ప్రశ్న. మనకు అది తాత ముత్తాతల బతుకు. ఆ పాఠం మన నోట వింటే వెనక బెంచీలో కూర్చున్న పిల్లవాడు తల ఎత్తి చూస్తాడు.

ఈ హాస్టల్లో చదివి టీచర్లైన అన్నలకు, అక్కలకు మాదొక విన్నపం. మీరు చదివిన పుస్తకాలు హాస్టల్ లైబ్రరీకి ఇవ్వండి. నెలకో ఆదివారం వచ్చి తమ్ముళ్ళకు దారి చెప్పండి. మనకు చెప్పేవాళ్ళు లేకపోయారు. వీళ్ళకు మనమున్నాం.