చదరంగపు ఏనుగు

ముఖర్జీ నగర్ అనగానే ఢిల్లీవాసులకు పోటీ పరీక్షలు, శిక్షణా కేంద్రాలు, ఇరుకైన అద్దె గదులు గుర్తుకు వస్తాయి. అటువంటి ఒక గదిలో ఒక సాయంకాలం ఇద్దరు విద్యార్థులు చదరంగం ఆడుతుండగా చూశాను. అవి చవక ప్లాస్టిక్ పావులు. వాటిలో ఒక ఏనుగు ఎప్పుడో పోయింది. దాని స్థానంలో కలం మూత నిలబెట్టారు. ఆట మాత్రం ఏ లోటూ లేకుండా సాగుతున్నది.

ఏనుగు చేయవలసిన పనిని కలం మూత చేయగలిగినప్పుడు, మానవుడు శతాబ్దాలుగా దంతంతో, వెండితో, పింగాణీతో ఇంత శ్రమపడి పావులను ఎందుకు తీర్చిదిద్దుతున్నాడు? ప్రేమ్‌చంద్ కథ ఆధారంగా సత్యజిత్ రాయ్ 1977లో తీసిన ‘షత్రంజ్ కే ఖిలాడీ’ చిత్రంలో, ఇల్లాలు పావులను దాచివేస్తే ఆటగాళ్లు వంటింటి దినుసులతో ఆట సాగిస్తారు. నిజమే, అలంకారం ఆటకు అక్కరలేదు. ఆడేవారికే కావాలి. తాను చూసిన లోకాన్ని ఆ అరవై నాలుగు గళ్లలో నిలుపుకోవాలన్న కోరిక మనిషిది.

ఒక్క ఏనుగు కథనే తీసుకుందాం. చతురంగ బలాలలో ఒకటైన గజం మన దేశం నుండి పర్షియాకు, అక్కడి నుండి అరబ్బుల చేతికి చేరింది. ప్రాణుల రూపాలను చెక్కడానికి అనేకులు సంకోచించిన ఆ సమాజాలలో ఏనుగు కాస్తా ఒక గుండ్రని దిమ్మెగా మారింది. దంతాల గుర్తుగా పైన రెండు చిన్న మొనలు మాత్రం మిగిలాయి. ఏనుగును ఎరుగని ఐరోపావారికి ఆ మొనలు వింతగా తోచాయి. ఆంగ్లేయులు ఆ పావును క్రైస్తవ మతగురువును చేశారు. ఫ్రెంచివారు దానికి విదూషకుని పేరు పెట్టారు. తెలుగునాట ఆ గడిలో శకటు నిలిచి, ఏనుగు మూలగడికి చేరింది.

పావులను చూసి వాటిని చేసిన సమాజాన్ని గుర్తించవచ్చు. స్కాట్లండ్‌లోని లూయిస్ దీవిలో 1831లో వెలుగుచూసిన పన్నెండవ శతాబ్దపు పావులు వాల్రస్ దంతంతో చేసినవి. వాటిలో రాణులు చెంపకు చేయి చేర్చి దిగులుగా కూర్చుంటారు. కొందరు భటులు యుద్ధావేశంలో డాళ్లను కొరుకుతుంటారు. బెంగాలు శిల్పులు ఒకవైపు కంపెనీ సైన్యాన్ని, మరొకవైపు స్వదేశీ సైన్యాన్ని నిలిపారు. 1920లలో సోవియట్ కళాకారిణి నతాలియా దాంకో చేసిన పింగాణీ పావులలో పాతపక్షపు రాజు అస్థిపంజరం, బంట్లు సంకెళ్లలోని శ్రామికులు. ఈ వైవిధ్యంలో ఆటగాళ్లు తికమకపడకుండా ఇంగ్లండులో 1849లో స్టాంటన్ నమూనా వెలువడింది. నేటి పోటీలలో కనిపించేది అదే.

మన విశాఖపట్నానికీ ఈ చరిత్రలో చోటు ఉన్నది. పద్దెనిమిదవ శతాబ్దంలోనే అక్కడి దంతపు పనికి ఐరోపావారిలో గొప్ప గిరాకీ ఉండేది. దంతపు రేకులపై సన్నని గీతలు చెక్కి, వాటిలో నల్లని లక్క నింపి చిత్రాలు తీర్చేవారు. దంతం, కొమ్ము, తాబేటి చిప్ప, చందనపు చెక్క కలిపి చేసిన పెట్టెలు, చదరంగపు బల్లలు, పావులు ఓడలెక్కి వెళ్లాయి. వాటిలో కొన్నింటి ముందు నేటికీ కళాభిమానులు ఆగి నిలబడతారు.

అయితే ఆ సౌందర్యానికి చెల్లించిన మూల్యం ఏమిటి? ఏనుగు దంతం మొదలు పుర్రెలో పాతుకొని ఉంటుంది. దానిని పూర్తిగా పెకలించడానికి వేటగాడు ఏనుగునే చంపుతాడు. బల్ల మీద ఒక ఏనుగు నిలవడానికి అడవిలో మరొక ఏనుగు కూలింది. మన దేశంలో 1986లో స్వదేశీ దంతం వ్యాపారాన్ని, 1991లో దిగుమతి చేసిన ఆఫ్రికా దంతం వ్యాపారాన్ని చట్టం నిషేధించింది. తమ జీవనోపాధి పోతున్నదని వర్తకులు మొరపెట్టుకున్నారు. ఆ మొరలో న్యాయం బొత్తిగా లేదనలేము. తరతరాల విద్య ఒక్కసారిగా నేరమైతే ఆ చేతులు ఏమి చేయాలి? అయినా ఢిల్లీ ఉన్నత న్యాయస్థానం 1997లో నిషేధాన్నే సమర్థించింది. ఏనాడో అంతరించిన మామత్ దంతమైనా సరే నిషేధం నుండి తప్పించుకోలేదని 2003లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

దంతం పోయినా నేర్పు పోలేదు. కొందరు శిల్పులు ఎముకకు, చందనానికి మళ్లారు. అమృత్‌సర్ పనివారు కర్రతో చెక్కే గుర్రపు తలలను నేడు దేశదేశాల ఆటగాళ్లు కోరి కొనుక్కుంటున్నారు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను గుండ్రంగా తిప్పుతూ చెక్కి, రంగు కలిపిన లక్కను ఆ రాపిడి వేడికే కరిగించి పూస్తారు. బంటుకు, మంత్రికి అంతకంటె అనువైన పద్ధతి ఏమున్నది? ఇక కొండపల్లివారు తేలికైన పొణికి కర్రతో చేసే అంబారీ ఏనుగును ఎరుగని తెలుగు ఇల్లు అరుదు. ఆ ఏనుగు కోసం ఏ ప్రాణీ నేలకొరగలేదు.

చదరంగంలో విలువైన పావును వదులుకొని ఆటను గెలవడం గొప్ప ఎత్తుగా భావిస్తారు. దంతాన్ని వదులుకోవడం అటువంటి ఎత్తే. కాకపోతే, ఆ విజయంలో శిల్పికి కూడా భాగం దక్కవలసి ఉన్నది. అది కొనేవారి చేతిలో ఉన్నది. ఈసారి పిల్లలకు చదరంగం కొనేటప్పుడు మన చేతిపనివారిని ఒక్కమారు తలచుకోవచ్చు. ముఖర్జీ నగర్‌లోని ఆ గదికి ఈసారి వెళ్లినప్పుడు ఒక చిన్న కర్ర ఏనుగును తీసుకువెళ్లాలని నేనూ అనుకుంటున్నాను. కలం మూతను కలానికి తిరిగి ఇవ్వవచ్చు. పరీక్షలు దగ్గరకు వస్తున్నాయి కదా!