నొప్పా, బిడ్డా అని అడుగుతున్నారు

పలాసలో జీడిపిక్కల పని చేసే ఆడవాళ్ళతో కూర్చున్నప్పుడు ఒకామె తన చేతులు చూపించింది. వేళ్ళ కణుపులు వాచి ఉన్నాయి. పొద్దున్న లేచాక గంటసేపు పిడికిలి ముడుచుకోదట. "వాతమన్నారు మేడమ్. చాన్నాళ్ళకి విశాఖ వెళ్తే పెద్ద జబ్బన్నారు. మాత్రలేసుకుంటే తగ్గింది. పిల్లలు కావాలంటే అవి మానెయ్యాలన్నారు. మానేస్తే మళ్ళీ మొదలైంది" అంది. పని తప్పించుకోడానికే ఈ నొప్పులని ఇంట్లో అన్నారట.

ఆమె జబ్బు రుమటాయిడ్ ఆర్థరైటిస్. మనల్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే మన కీళ్ళ మీద తిరగబడటం. ఇది మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ఇలాంటిదే అయిన లూపస్ రోగుల్లో పదిమందిలో తొమ్మిదిమంది స్త్రీలే. చవగ్గా దొరికే ప్రధానమైన మందు మెథోట్రెక్సేట్ గర్భిణులకు పనికిరాదు. అంటే నొప్పో, బిడ్డో తేల్చుకోమని ఆడదాన్నే అడుగుతున్నారు.

ఈ చిక్కుకు విజ్ఞానశాస్త్రం ఒక దారి చూపింది. కీళ్ళను వాపెక్కించే టి.ఎన్.ఎఫ్. అనే పదార్థాన్ని అడ్డుకునే యాంటీబాడీలు 1990ల చివర మందులుగా వచ్చాయి. యాంటీబాడీకి పట్టుకునే చేతులతో పాటు ఒక తోక ఉంటుంది. ఆ తోకను పట్టుకునే మాయ దాన్ని తల్లి నుంచి బిడ్డకు చేరవేస్తుంది. అలా మందు చేరిన ఒక పసిబిడ్డ బి.సి.జి. టీకా తర్వాత ఆ టీకా క్రిములే ఒళ్ళంతా పాకి చనిపోయిందని 2010లో బ్రిటన్ వైద్యులు నివేదించారు. మన దగ్గర బి.సి.జి. పుట్టగానే వేస్తారు.

తోక తీసేస్తే? యాంటీబాడీని ముక్కలు చేయవచ్చని రోడ్నీ పోర్టర్ 1950ల చివర చూపించాడు. అందుకు వాడింది బొప్పాయి పాలలోని పెపేన్‌ను. గర్భిణిని తినవద్దనే ఆ బొప్పాయే! ఈ అవగాహన మీదే తోక లేని సెర్టోలిజుమాబ్ తయారైంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు 2009లో అమెరికా అనుమతించింది. 2018లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ మందు వాడిన తల్లులకు పుట్టిన 14 మంది బిడ్డలను పరీక్షిస్తే 13 మంది రక్తంలో అది కొలవగలిగినంత కూడా లేదు. మిగిలిన బిడ్డలో ఉన్నది అతి స్వల్పం.

ఇదంతా మనకు అందని విద్య కాదు. పొలంలో పాము కరిస్తే ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఎక్కించే విరుగుడులో ఉన్నవీ యాంటీబాడీ ముక్కలే. 2007లోనే హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ రిటుక్సిమాబ్ అనే యాంటీబాడీ మందును తయారుచేసి అమ్మకానికి తెచ్చింది. పాముకాటుకు చనిపోతారు కనుక ఏర్పాటు చేశారు. కణుపులు వంకరపోయినా ఆడది వండుతూనే ఉంటుంది, వలుస్తూనే ఉంటుంది. అందుకే ఆ నొప్పి ఎవరి లెక్కలోకీ రాదు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పనిచేస్తున్న మిత్రులారా, మన ఆరోగ్య సమావేశాల్లో గర్భసంచి గురించి, రక్తహీనత గురించి మాట్లాడుతున్నాం. కీళ్ళ గురించి కూడా అడుగుదాం. వాతమని కొట్టిపారేయకుండా మొదటి నెలల్లోనే పరీక్ష జరగాలి. పిల్లలు కావాలనుకునే స్త్రీకి ఏ మందు ఆపాలో, ఏది కొనసాగించవచ్చో డాక్టరు ముందే చెప్పాలి. బిడ్డకు హాని చేయని మందు ప్రభుత్వ ఆసుపత్రిలోనే దొరకాలి. ఇది దయ కాదు, హక్కు.