ఆలుమగల తగువులో కులం కనబడదా?

అడిక్‌మెట్‌కు ఉస్మానియా యూనివర్సిటీ కూతవేటు దూరం. అక్కడ సైకాలజీ చదివే పిల్లలు చాలామంది మన గల్లీల్లోనే కిరాయి గదుల్లో ఉంటరు. వీళ్లే రేపు కౌన్సిలర్లయి భార్యాభర్తల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుంటరు. వాళ్లకేం నేర్పుతున్నరన్నది మన సంగతి కాదా?

ఈ విద్య నేర్పే పద్ధతి మంచిదే. ఒకరు మొగుడి వేషం, ఒకరు పెళ్లాం వేషం కడతరు, మూడో మనిషి మాట్లాడిస్తడు. సారు పక్కన కూర్చొని చూసి, ఎక్కడ తప్పిందో చెప్తడు. ఎవరి పక్షమూ పట్టొద్దు, ఇద్దర్నీ సమంగా విను అంటరు. మన ఊళ్లల్ల పెద్దమనుషుల పంచాయితీకన్నా ఇది వెయ్యి రెట్లు నయం.

అయితే ఆ వేషాల్లో మొగుడిది ఏ కులం, పెళ్లాంది ఏ కులం? కులం తెల్వకుంటే మాల పిలగాడూ రెడ్ల పిల్లా కట్టుకున్న సంసారం ఏం అర్థమైతది? తల్లి ఫోన్ చేస్తే ఆమె మొగుడి పేరెత్తదు. ఇంట్ల పెద్దకూర వండితే కిటికీలు మూస్తది. అతను మండిపడతడు. విద్యార్థి మాత్రం 'ఒకరితో ఒకరికి మాటల్లేవు' అని రాసుకుంటడు!

1936లోనే అంబేడ్కర్ కులానికి అసలు మందు కులాంతర వివాహమేనన్నడు. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో గర్భిణి అయిన భార్య కళ్లముందే ప్రణయ్‌ను నరికి చంపించిన్రు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకడికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. 2022 మేలో సరూర్‌నగర్‌లో నాగరాజును నడిరోడ్డు మీద చంపిన్రు. ఇట్లాంటి భయం గుండెల్ల పెట్టుకున్న జంట ఉప్పు తక్కువైందని కొట్లాడుకుంటే, అది ఉప్పు గురించేనా?

ఇంకో మాట. మన వాడల్లనే ఆడోళ్లు దెబ్బలు తింటున్నరు. ఉద్యమం పరువు పోతది, బయట పెట్టొద్దనే అన్నలున్నరు. మేం ఒప్పుకోం. 1992లో దూబగుంట ఆడోళ్లు ఇంటి బాధను బజారుకు తెచ్చినందుకే సారా ఉద్యమం లేచింది. కొట్టుడు ఉన్నకాడ ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టొద్దు. ముందు ఆమెను ఒంటరిగా కలవాలె, 2005 గృహహింస చట్టం చెప్పాలె. దెబ్బలు తిన్న మనిషిని సర్దుకుపొమ్మంటే అది పాత పంచాయితీయే. కొట్టేటోడికీ దెబ్బలు తినేటామెకూ నడుమ నిలబడ్డోడు ఎవరి పక్షాన ఉన్నట్టు?

2017 మానసిక ఆరోగ్య చట్టం 18వ సెక్షన్ వైద్యంలో కులవివక్ష కూడదంటది. మరి పాఠంలోనే కులం లేకుంటే విద్యార్థి వివక్షను గుర్తుపట్టేదెట్ల? కులం సిలబస్‌లోకి రావాలె. మన పిల్లలు ఆ కోర్సుల్లో చేరాలె, చేరినోళ్లకు స్కాలర్‌షిప్పులు ఆగకుండ రావాలె. శిక్షణ సగం తెలుగులో, బస్తీలోనే జరగాలె. జాగ లేదనొద్దు. సాయంత్రం బడి వదిలినంక గదులు ఖాళీయే. తాళంచెవులు మేం ఇప్పిస్తం.