దూరపు కొండలు, దగ్గరి మనిషి

దూరపు కొండలు నునుపు అన్న సామెతకు ఫొటోగ్రఫీలో మరొక అర్థమున్నదని మాకు గండికోటలో తెలిసివచ్చింది.

కడప జిల్లాలోని ఆ కోట అంచున నిలిచి, ఎర్రమల కొండలను కోసుకుంటూ పెన్నా నది ఏర్పరచిన లోయను పూర్తిగా చిత్రించదలచాము. ఒక్క ఫ్రేములో అది ఇమడదు. కెమెరాను నిలువుగా పట్టి, ఎడమ నుండి కుడికి తిరుగుతూ, ముందు ఫ్రేములోని మూడో వంతు దృశ్యం తరువాతి దానిలోనూ వచ్చేటట్లు తొమ్మిది ఫొటోలు తీశాము. ఆకాశం అతుకుల బొంతవలె కనిపించరాదని ఎక్స్‌పోజరును మార్చలేదు.

ఇంటికి వచ్చి, హగిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో వాటిని కలిపాము. అవతలి గట్టు బండలు అతుకు తెలియకుండా కలిశాయి. కాని మా పక్కనే కూర్చున్న మిత్రుని భుజం రెండుగా విరిగింది. ఆ నెలాఖరుననే ఆయన పదవీ విరమణ చేసి స్వగ్రామానికి వెళ్లిపోయారు.

దోషం సాఫ్ట్‌వేరుది కాదు, మాదే. మేము తిరిగినప్పుడు మాతోపాటు లెన్స్ కూడా చోటు మారింది. అందువల్ల దగ్గరి వస్తువు పక్కకు జరిగినట్లు నమోదైంది. ట్రైపాడ్‌పై కెమెరాను ముందుకూ వెనుకకూ జరుపుతూ, దగ్గరి కర్ర, దూరపు స్తంభం ఎంత తిప్పినా ఒకే వరుసలో కనిపించే స్థానాన్ని వెదకాలి. అదే సరైన ఇరుసు. ఏళ్ల తరబడి షాఫ్టుల అలైన్‌మెంటు సరిచూసిన మాకు ఇది ముందుగా తోచలేదు!

పాఠకులకు మా మనవి ఒక్కటే. పక్కనున్న మనిషి మొత్తంగా ఒకే ఫ్రేములో వచ్చేటట్లు చూసుకోండి. కొండలు ఎప్పుడు వెళ్లినా అక్కడే ఉంటాయి.